పెనము చెప్పు మాట

చిత్తూరు, తిరుపతి ప్రాంతములలో ఇల్లు చిన్నదైనను పెద్దదైనను వంటసాలలో ఒక మూల బరువైన నల్లని పెనము ఒకటి కనబడును. అది దోసెల పెనమువలె చదునుగా నుండదు. దానియందు ఏడో, తొమ్మిదో, పండ్రెండో గుంటలు చిన్న చిన్న గిన్నెలవలె కుదురుగా అమరియుండును. పూర్వము ఇట్టి పెనములను మట్టితోను రాతితోను చేసెడివారు. తరువాత పోత ఇనుముతో చేసిరి. నేడు అంటుకొనని పూత పూసిన తేలిక పెనములును అంగళ్లలో దొరకుచున్నవి. ఈ పెనము మీద చేయు వంటకమునకు గుంతపొంగణములని పేరు. ఎల్ల దాటి తమిళదేశమున అడుగిడినచో ఇదియే పణియారమగును. కన్నడదేశమున పడ్డు అనియు, గుండుపొంగలు అనియు పిలువబడును. 1911వ సంవత్సరమున ఏర్పడిన చిత్తూరు జిల్లా ఈ మూడు భాషలు కలియు చోట నున్నది. 2022లో తిరుపతి వేరొక జిల్లా యయ్యెను. జిల్లాలు వేరైనను పెనములు మాత్రము వేరు కాలేదు.

పొంగణము పుట్టుకకు పొదుపే కారణమేమో యనిపించును. దోసెలకు రుబ్బిన పిండి రెండు మూడు దినములైన పిదప పులిసి పోవును. దానిని పారవేయుటకు ఇల్లాలికి మనసొప్పదు. అందులో సన్నగా తరిగిన ఉల్లిపాయలు, పచ్చిమిరపకాయలు, కరివేపాకు, కొత్తిమీర, నానిన శనగపప్పు, జీలకర్ర కలుపును. ఒక్కొక్క గుంటలో నాలుగైదు చుక్కల నూనె విడిచి, పిండి పోసి, మూత పెట్టును. అడుగు కాలి ఎఱ్ఱబడును. పైభాగము ఆవిరికి ఉబ్బును. అంచు గుంటను విడిచినప్పుడు పుల్లతో మెల్లగా త్రిప్పివేయును. ఒక మూకుడు నూనెతో చేయవలసిన బొండాల రుచిని ఆమె రెండు గరిటెల నూనెతో సాధించును. వాననే నమ్ముకొని వేరుశనగ పండించు సీమ యిది. కాయలు పండించిన రైతే నూనెను చుక్కలతో కొలిచి వాడుకొనుట ఇచ్చట వింత కాదు. గింజలలో ఎక్కువ భాగము గానుగకును అంగడికిని పోవును. ఇంటికి మిగిలిన గింజలు వేయించి నూరగా ఊరుబిండి యగును. అది పొంగణమునకును, రాగిసంగటికిని తోడుగా వచ్చును.

పెనము మీద కాల్చుట ఒక విద్య. పిండిలో పూర్ణమును దాచుట మఱియొక విద్య. ఈ రెండవ విద్యకు కజ్జికాయ చక్కని ఉదాహరణము. మైదాపిండినో గోధుమపిండినో ముద్దగా కలిపి, చిన్న పూరీలుగా ఒత్తి, నడుమ కొబ్బరియు బెల్లమును కలిపి వండిన పూర్ణమునైనను, వేయించిన పుట్నాల పప్పు పొడియు చక్కెరయు ఏలకులును కలిపిన పొడినైనను ఉంచి, అర్ధచంద్రాకారముగా మడచి, అంచును వ్రేళ్లతో మెలికలు త్రిప్పి మూయుదురు. కొందఱు చెక్క అచ్చులు వాడుదురు. తమిళులు దీనిని సోమాసి యందురు. కన్నడిగులు కర్జికాయి యందురు. మహారాష్ట్రులు కరంజి యందురు. అంచు సరిగా మూయబడని కజ్జికాయ ఒక్కటి చాలు: అది నూనెలో విచ్చుకొని, లోని పొడి మూకుడంతయు ప్రాకి మాడి, తరువాత వేయు కాయలన్నిటికిని నల్లని మచ్చలంటించును. అందుచేత పండుగ దినములలో అంచు మెలిక వేయు పని ఇంటిలో అందఱికంటె నిలుకడ గల చేతులకు అప్పగింపబడును.

పిండిలో పూర్ణమును దాచు వంటలు ఈ సీమకు దేవతల వలనను ప్రియమైనవే. చిత్తూరునకు చేరువనున్న కాణిపాకమున వరసిద్ధి వినాయకుడు వెలసియున్నాడు. అచ్చటి బ్రహ్మోత్సవములు వినాయక చవితి నాడు మొదలై ఇరువదియొక్క దినములు సాగును. ఆ చవితినాడు ఇంటింట కుడుములు ఆవిరి మీద ఉడుకును. తిరుమల దేవాలయ శాసనములలో అప్పపడి, అతిరసపడి, వడపడి యను నైవేద్యములతో పాటు సుఖియపడియు పేర్కొనబడినది. పెసరపప్పు బెల్లముల పూర్ణమును పిండిలో ముంచి నూనెలో వేచిన భక్ష్యమే సుఖియము. ఇట్లు ఆవిరి, నూనె, పెనము అను మూడు మార్గములును ఇచ్చటి ఇల్లాండ్రకు తరతరములుగా తెలిసినవే.

ఈ మూడు మార్గములును ఒకే పెనము మీద కలియు వంట యొకటి చైనాదేశమున కలదు. గోధుమపిండి పూరీలో మాంసమునో కూరగాయలనో కూరి, అర్ధచంద్రాకారముగా మూసిన కుడుమును ఉత్తర చైనావారు జియావ్‌జ అందురు. క్రొత్త సంవత్సరపు పండుగనాడు ఇంటిల్లిపాదియు కూర్చుండి వీనిని చేయుదురు. తూర్పు హాన్ వంశీయుల కాలమున జాంగ్ జోంగ్‌జింగ్ అను వైద్యుడు, చలికి చెవులు పగిలి బాధపడు పేదల కొఱకు చెవి యాకారమున వీనిని మొదట చేయించెనని అచ్చట ఒక కథ చెప్పుకొందురు. అది కథయే కావచ్చును. కాని చైనా పశ్చిమ భాగమున తుర్ఫాన్ సమీపమునందలి ఆస్తానా సమాధులలో తాంగ్ వంశీయుల కాలపు కుడుములు ఎండి, గట్టిపడి, ఆకారము చెడక నిజముగనే దొరకినవి. ఆ యెడారి గాలి వేయి సంవత్సరములకు పైగా వానిని కాపాడినది.

ఈ కుడుమును నీట ఉడికింపవచ్చును. ఆవిరి మీద ఉడికింపవచ్చును. పెనము మీదను కాల్చవచ్చును. పెనము మీద కాల్చినదానికి గ్వోతియే యని పేరు. పాత్రకు అంటుకొనునది యని ఆ మాటకు అర్థము. బువే యాంగ్ చావ్ అను చైనా వైద్యురాలు 1945లో అమెరికాలో ప్రకటించిన వంటల పుస్తకము ద్వారా ఈ వంట ఆంగ్లభాషలో పేరు పొందెను. రెండవ ప్రపంచయుద్ధానంతరము మంచూరియానుండి స్వదేశమునకు మరలివచ్చిన జపానీయులు దీనిని గ్యోజా యను పేరుతో తమ దేశమున వ్యాపింపజేసిరి. టిబెట్టువారి మోమోయు ఈ కుటుంబములోనిదే. నేడు మన పట్టణముల వీథులలో సాయంకాలమున ఆవిరి పాత్రలనుండి పొగలు గ్రక్కుచు అమ్మకమగుచున్నది ఆ మోమోయే.

చైనా పేరు మన వంటసాలకు క్రొత్తది కాదు. రాయలసీమ తోటలలో పండు బత్తాయిని జనులు చీనీకాయ యందురు. ఆ పేరులో చైనా దాగియున్నది. వేపుడు మూకుడునకు పొరుగున నున్న తమిళులును, మలయాళులును పెట్టుకొన్న పేరు చీనచట్టి. హ్యూయన్ త్సాంగ్ అను చైనా యాత్రికుడు 7వ శతాబ్దమున ధాన్యకటకమును దర్శించి, దక్షిణముగా కాంచీపురము వఱకు నడచెను. మనుష్యులు నడచిన త్రోవలలో పాత్రలును, పండ్లును, పేర్లును నడచుచుండును.

చిత్తూరు పట్టణములోని యొక యింట ఎనిమిదవ తరగతి చదువు బాలిక యొకతె ఒక సెలవు దినమున ఈ చైనా కుడుములను చేయబూనెను. ఆ యింట ఆమె తండ్రియు తల్లియు, తమ్ముడును, నాయనమ్మయు నుండిరి. బాలిక నాయనమ్మను అవ్వా యని పిలుచును. ఒకప్పుడు ఆ వీథిలో ఎవరి యింట పెండ్లి జరిగినను కజ్జికాయల అంచు మెలిక వేయుటకు ఆమెయే పోవలసియుండెను. కాని రెండేండ్లుగా ఆమె కన్నులకు మసక క్రమ్మినది. ఒకనాడు పొయ్యి మంటకు చీర కొంగు తగిలినది. అదృష్టవశమున కోడలు చూచి ఆర్పివేసినది. నాటినుండి, "అత్తా, నువ్వు పొయ్యి దగ్గరికి రావద్దు" అని కోడలు కట్టడి చేసినది. అది ప్రేమతో చేసిన కట్టడియే. అయినను అవ్వ నాటినుండి వంటసాల గడప దాటలేదు. అరుగు మీద కూర్చుండి వేరుశనగ గింజలు ఒలుచుటయు, బియ్యము తడిమి రాళ్లేరుటయు ఆమె పనులైనవి. ఆమె మాటలును తగ్గిపోయినవి.

బాలిక మైదాపిండిని వేడినీటితో కలిపి, తడిగుడ్డ కప్పి, అరగంట నాననిచ్చెను. క్యాబేజీ, క్యారెట్, ఉల్లికాడలు, అల్లము సన్నగా తరిగి, ఉప్పు చల్లి కొంతసేపుంచి, నీరు పిండివేసెను. ఇంతవఱకు పని చక్కగా జరిగినది. కాని ఆమె మూసిన కుడుములు మూతపడక నోళ్లు తెఱచుచుండెను. ఆమె పళ్లెము తీసికొని అరుగు మీదికి వచ్చెను. అవ్వ ఒక కుడుమును తడిమి చూచి, "ఇది చెవి మాదిరి ఉండాదే పాపా! అంచు మందంగా వదిలినావు. నడుమ మందం, అంచు పలచన ఉండాల" అనెను. పిదప తానే ఒక పూరీని తీసికొని, అంచుకు తడిచేయి రాచి, కజ్జికాయకువలె మెలికలు వేసెను. కన్నులు పని చేయకున్నను వ్రేళ్లు త్రోవ మఱువలేదు. ఇరువది కుడుములు మూసిన దాక ఆమె ఆగలేదు.

బాలిక దోసెల పెనము మీద నూనె వేసి, పది కుడుములు పేర్చి, నీరు పోసి, మూత పెట్టెను. చుయ్యిమని ఆవిరి లేచినది. నాలుగు నిమిషములైన పిదప ఆమెకు తాళిమి లేకపోయినది. మూత తీసి అట్లకాడతో ఒక కుడుమును లేపబోయెను. అది లేవలేదు. బలముగా నెట్టగా అడుగు చినిగి, లోని కూర బయటపడినది. రెండవదానికిని అదే గతి పట్టినది. తొందరలో ఆమె పదింటిని చింపివైచినది. తమ్ముడు నవ్వెను. బాలిక కన్నుల నీరు తిరిగినది.

అరుగు మీదినుండి అవ్వ, "ఏం పాపా, నీళ్లు ఇంకకముందే కదిలించినావా?" అని అడిగెను. లోపలికి చూడక, గోడకు ఆవల కూర్చుండి, ఆమె ఈ మాట ఎట్లు చెప్పగలిగెనా యని బాలిక ఆశ్చర్యపడినది. "శబ్దం విన్యా గదా. నీళ్లుండేటప్పుడు తుకతుకమంటాది. నూనె మిగిలితే చిటచిటమంటాది. తుకతుకలోనే గరిటె పెట్టినావు" అని అవ్వ చెప్పెను.

అవ్వ చెప్పినదానికి ప్రకృతిశాస్త్రము కారణము చూపును. నీరు 100 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మరగును. ఒక గ్రాము మరుగునీరు ఆవిరి యగుటకు సుమారు 540 కాలరీల ఉష్ణము కావలయును. కావున పెనము మీద నీరున్నంతసేపు పొయ్యి యిచ్చు వేడిలో అధిక భాగము నీటిని ఆవిరి చేయుటకే వ్యయమగును; కుడుము అడుగు 100 డిగ్రీలకు మించి పెద్దగా వేడెక్కదు. ఆ సమయమున తడిసిన పిండి బంకవలె లోహమునకు అంటుకొని యుండును. పైకి లేచిన ఆవిరి మూత క్రింద నిలిచి, చల్లని కుడుము పైభాగమును తాకి మరల నీరై, తాను తీసికొన్న ఉష్ణమును దానికి ఇచ్చివేయును. పైభాగము ఉడుకుట అందువలననే. నీరంతయు ఇంకిన పిమ్మట నూనె వేడి త్వరగా హెచ్చును. అప్పుడు పిండి ఎఱ్ఱబారి గట్టి పెచ్చు కట్టును. ఇట్లు ఎఱ్ఱబాఱుటకు కారణమైన రసాయన చర్యను ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు మయ్యార్ 1912లో వివరించెను. పెచ్చు కట్టిన అడుగు తడి వీడి, తనంతట తాను పెనమును వదలును. చైనావారు దీనికి అంటుకొనునది యని పేరు పెట్టిరి గాని, ఇందలి నేర్పంతయు అంటుకొన్నది విడుచువఱకు వేచియుండుటలోనే కలదు.

పొంగణము అంచు గుంటను విడుచువఱకు ఇల్లాలు పుల్ల ముట్టకుండుటకును కారణమిదియే. పిండిని వేడినీటితో కలుపుటకును ఇట్టి పోలికయే కలదు. బియ్యపు పిండిలో గోధుమపిండి యందలి జిగట లేదు. అందుచేత కుడుములకు బియ్యపు పిండిని మరుగునీటిలో వేసి ఉక్కించుదురు. ఆ వేడికి పిండి చిక్కబడి చేతికి లొంగును. కూరగాయల నీరు పిండివేయుటయు, కొబ్బరి పూర్ణమును దగ్గఱపడువఱకు వండుటయు ఒకే సూత్రము. లోపల తడి యెక్కువైనచో మూత నిలువదు. చిత్తూరు ఇల్లాలు చైనా కుడుమును ఎన్నడును చూడకపోయినను, దానికి వలయు విద్యలో అధిక భాగము ఆమె చేతిలో ముందే యున్నది.

మిగిలిన పది కుడుములకు బాలిక మరల పెనము వేడిచేసెను. కాని ఈసారి అవ్వ చేయి పట్టుకొని లోపలికి తీసికొని వచ్చెను. తల్లి ఒక క్షణము తటపటాయించినది. పిదప పీటను పొయ్యికి నాలుగడుగుల దూరమున వేసి, అత్త కొంగును తానే నడుమునకు దోపి, కూర్చుండబెట్టినది. పొయ్యి పని బాలికది, వినుట అవ్వది. నీరు పోయగానే చుయ్యిమన్న ధ్వని తుకతుకగా మాఱినది. "ఇంకా ఉండు" అని అవ్వ యనెను. కొంతసేపటికి ధ్వని పలుచబడి, నడుమ నడుమ చిటచిట వినవచ్చెను. "మూత తియ్యి. గరిటె మాత్రం పెట్టొద్దు" అనెను. ఆవిరి తొలగినది. చిటచిట నిలుకడగా సాగి, సన్నని సద్దుగా దిగినది. ముక్కుపుటములకు కమ్మని వాసన తగిలినది. "ఇప్పుడు పెనం విడిచింది. తియ్యి" అని అవ్వ చెప్పెను. బాలిక పెనమును ఒక్కసారి కదలించెను. పది కుడుములును జరిగినవి! వాని అడుగులు దోసె యంచువలె ఎఱ్ఱగా నుండెను.

నాడు ఊరుబిండితో ఆ కుడుములను తిన్న తమ్ముడు మొదటి పదింటిని గూర్చి మఱి నవ్వలేదు. చినిగిన కుడుముల కూరను తల్లి పొంగణాల పిండిలో కలిపి మఱునాటి యుదయమునకు ఉంచెను. పీటను మాత్రము ఎవ్వరును తీసివేయలేదు. మఱునాడు పొంగణములు పోయునప్పుడు తల్లి త్రిప్పుటకు ముందు, "అత్తా, అయ్యిందా?" అని అడిగినది. ఆమెకు కన్నులు చక్కగనే యున్నవి. అడుగవలసిన అవసరము లేదు. అయినను అడిగినది. అవ్వ కొంచెము సేపు చెవియొగ్గి విని, "అయ్యింది" అనెను.

మన యిండ్లలో ఇట్టి విద్యలు ఎన్నియో కలవు. కుమ్మరి కుండను వ్రేలితో కొట్టి, మ్రోతను బట్టి పగులు తెలిసికొనును. కొబ్బరికాయను చెవి దగ్గఱ ఆడించి లోని నీటిని తెలిసికొందురు. రైతు వేరుశనగ కాయను ఊపి గింజ ఎండినదో లేదో చెప్పును. ఇవి పుస్తకములలో ఎక్కువగా ఎక్కలేదు. చేయి పట్టి నేర్పువారి నుండి చేయి చాచి నేర్చుకొనువారికి మాత్రమే సంక్రమించును. నేర్చుకొనువారు ఆడపిల్లలే కానక్కఱలేదు; కుడుము తినుటకు వచ్చిన తమ్మునికిని చెవులున్నవి. వృద్ధులకు విశ్రాంతి నిచ్చుట ధర్మమే. కాని వారి విద్యకు గూడ విశ్రాంతి నిచ్చినచో నష్టపోవువారు వృద్ధులు మాత్రమే కారు.

దూరదేశపు వంటను నేర్చుకొనుటకు మన వంటను మఱువనక్కఱలేదు. మన వంట తెలిసినవాడే దానిని త్వరగా నేర్చుకొనును. చైనా యింటి పెనమును చిత్తూరు ఇంటి పెనమును ఒకే భాషలో మాటలాడును. నీరున్నంతసేపు ఒక మాట, నీరింకిన పిదప ఒక మాట. ఆ రెండింటికి నడుమ నున్న కొద్దిపాటి కాలము ఓర్చుకొని, చెవియొగ్గి వినువారికి కుడుము చినుగదు.